ఏడాదా, మూడేళ్లా: ఐ-20లో ఉన్న ఆరంకెల కోడ్ కథ

అమెరికాలో ఎంఎస్ చేసిన ఇద్దరు ఒకేలాంటి డేటాబేస్ సబ్జెక్టులు చదివి ఉండొచ్చు. చదువయ్యాక ఒకరికి మూడేళ్లు పనిచేసే వీలుంటుంది, మరొకరికి ఏడాదే. తేడా అంతా ఐ-20 (విద్యార్థి వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) మొదటి పేజీలో కోర్సు పేరు పక్కన వేసే సీఐపీ కోడ్‌లో, అంటే చదువు ఏ విభాగంలోదో చెప్పే సంఖ్యలో ఉంది.

ఈ కోడ్‌లను అమెరికా విద్యాశాఖ 1980లో తయారు చేసింది. ఏ సబ్జెక్టులో ఎందరు చదువుతున్నారో లెక్క తీయడమే అప్పటి ఉద్దేశం. వీసాతో వాటికి ఏ సంబంధమూ లేదు.

ఆ సంబంధం 2008 ఏప్రిల్‌లో మొదలైంది. అంతకు ముందు ఏడాది దరఖాస్తులు తీసుకోవడం మొదలైన వెంటనే హెచ్-1బీ ఉద్యోగ వీసాల కోటా నిండిపోయింది. 12 నెలల ఓపీటీ (చదువయ్యాక పనిచేసేందుకు ఇచ్చే అనుమతి) అయిపోతే పట్టభద్రులు ఇంటిదారి పట్టాల్సిందే. దాంతో బుష్ ప్రభుత్వం స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) డిగ్రీలకు మరో 17 నెలలు ఇచ్చింది. ప్రజాభిప్రాయం తీసుకోకుండా తెచ్చారన్న కారణంతో 2015లో ఫెడరల్ కోర్టు ఆ నిబంధనను కొట్టేసింది. 2016 మే నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నిబంధన ఆ గడువును 24 నెలలు చేసింది. అంటే మొత్తం మూడేళ్లు, హెచ్-1బీ లాటరీలో ఒకటికి మించిన అవకాశాలు. అప్పు తెచ్చి పిల్లల్ని పంపిన తెలుగు కుటుంబాలకు ఇది చిన్న విషయం కాదు.

ఏది స్టెమ్ అన్నది హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ జాబితా తేలుస్తుంది. 11తో మొదలయ్యే కంప్యూటర్ కోడ్‌లలో చాలావరకు, 14తో మొదలయ్యే ఇంజినీరింగ్ కోడ్‌లు అందులో ఉన్నాయి. మేనేజ్‌మెంట్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ కోడ్ 52.1201 మాత్రం బిజినెస్ వరుసలోది, జాబితాలో లేదు. అదే తరహా కోర్సును 11.0401, అంటే ఇన్ఫర్మేషన్ సైన్స్ కింద చూపిన చోట విద్యార్థులకు స్టెమ్ వర్తిస్తుంది. కోడ్ మార్చమని విద్యార్థులు తమ డిపార్ట్‌మెంట్‌కు పిటిషన్లు పెట్టేది ఇందుకే.

ఎకనామిక్స్ వాళ్లు ఈ దారిలో ముందే నడిచారు. చాలా యూనివర్సిటీలు తమ కోర్సును 45.0601 నుంచి క్వాంటిటేటివ్ ఎకనామిక్స్ కోడ్ 45.0603కి మార్చాయి. అయితే పాఠ్యాంశాల్లో గణితం, స్టాటిస్టిక్స్ నిజంగా ఉంటేనే ఆ మార్పు నిలుస్తుంది. ఫ్యాకల్టీ కమిటీ ఒప్పుకోవాలి, ఆపై యూనివర్సిటీ ఆమోదం రావాలి, ఆ తర్వాతే ఐ-20లో కోడ్ మారుతుంది. ఇంకో మార్గం, జాబితానే పెంచడం. 2022 జనవరిలో డేటా సైన్స్, బిజినెస్ అనలిటిక్స్, క్లౌడ్ కంప్యూటింగ్ సహా 22 విభాగాలు కలిశాయి. 2023లో మరో 8 చేరాయి.

టెక్నాలజీ కోర్సు అని ప్రచారం చేసి ఫీజు కట్టించుకుని, కోడ్ సంగతి ఎత్తకపోవడం అన్యాయం. సీటు ఇచ్చేటప్పుడే కోడ్ రాసివ్వడం యూనివర్సిటీల బాధ్యత. అది రాతపూర్వకంగా వచ్చేవరకు డిపాజిట్ కట్టవద్దు. కన్సల్టెన్సీ నోటిమాటగా ఇచ్చిన భరోసా ఐ-20 ముందు చెల్లదు.