చందమామ ఏ స్వరం పాడుతుంది?

సద్దుల బతుకమ్మ నాడు హన్మకొండలో ఆట చూస్తుంటే మా అక్క బిడ్డ వచ్చి అడిగింది: "మామా, పాటల లైనుకొక్కసారి చందమామ, చందమామ అంటరు గదా, మరి చందమామ ఏమన్న పాడుతదా?"

అక్కడ గాలి లేదు, చప్పుడు రాదు అని చెప్పి ఊరుకోవచ్చు. సూర్యుడు 'ఓం' అంటున్నాడని వాట్సాప్‌లో తిరిగే ఆడియోలు అబద్ధమని కూడా చెప్పాలి. కానీ ఆకాశంలో చప్పుడు లేకపోయినా తాళం ఉంది, తాళాన్ని వేగం పెంచితే స్వరం అవుతుంది. డప్పు మీద సెకనుకు రెండు దెబ్బలు పడితే అది దరువు. అవే దెబ్బలు సెకనుకు 130 పడితే చెవి వాటిని విడదీయలేదు, ఒకటే స్వరంగా వింటుంది.

నాకు బాగా ఇష్టమైన తాళం ట్రాపిస్ట్-1 అనే చిన్న ఎర్ర నక్షత్రం దగ్గరుంది. దూరం దాదాపు 40 కాంతి సంవత్సరాలు, చుట్టూ 7 గ్రహాలు. నడుమ బతుకమ్మను పెట్టి ఏడు వలయాలు గీసి, వలయానికి ఒక్క మనిషినే నిలబెట్టినట్టు అనుకోండి. చుట్టు పూర్తయినప్పుడల్లా ఒక చప్పట్. అన్నిటికన్నా బయటి మనిషి 2 చుట్లు తిరిగేసరికి లోపలివాళ్లు వరసగా దాదాపు 3, 4, 6, 9, 15, 24 చుట్లు తిరుగుతారు. బడిలో నిష్పత్తులు ఇట్లా చప్పట్లతో చెప్తే ఏ పిల్లకూ లెక్కలంటే టెన్షన్ ఉండదని నా గట్టి నమ్మకం.

బయటి గ్రహానికి చుట్టు 18.77 రోజులు, అంటే దాదాపు 16.2 లక్షల సెకన్లు. దాన్ని 21 కోట్ల రెట్లు వేగంగా తిప్పితే సెకనుకు 130 చుట్లు. అదే మన షడ్జమం అనుకుందాం. దాని పక్కది 3:2, పంచమం. తర్వాతది రెండింతలు, పై షడ్జమం. ఆపైన మళ్లీ పంచమం. 9 చుట్లది చతుశ్శ్రుతి రిషభం, 15 చుట్లది కాకలి నిషాదం, 24 చుట్లది ఇంకా పై స్థాయి పంచమం. స ప స ప రి ని ప! ఒక్క అంతర గాంధారం ('గ') పడి ఉంటే హంసధ్వని రాగం స్వరాలన్నీ వచ్చేసేవి. నేను మొదటిసారి ఈ లెక్క వేసుకున్న రాత్రి నిద్ర పట్టలేదు.

ఇది అందం కోసం కుదిరింది కాదు. ఆ గ్రహాలు ఎంత దగ్గర దగ్గరగా ఉన్నాయంటే, తాళం చూడకుండా కంప్యూటర్‌లో తిప్పితే పది లక్షల ఏళ్లు కూడా కాకముందే చెదిరిపోయాయి. పుట్టినప్పుడు చుట్టూ ఉన్న వాయువుల పళ్లెంలో మెల్లగా లోపలికి జరుగుతూ ఒకదాని తాళానికి ఒకటి చిక్కుకున్నాయని, అట్లా చిక్కుకున్నవి లెక్కలో 5 కోట్ల ఏళ్లు నిలబడ్డాయని 2017లో ఖగోళ శాస్త్రవేత్త డేనియల్ తమాయో బృందం చూపించింది. ఆ చుట్లను సంగీతంగా మలిచి వినిపించినవాళ్లలో కూడా తమాయో ఉన్నాడు, మాట్ రూసో, ఆండ్రూ శాంటగుయిడాలతో కలిసి.

ఇంటికొచ్చాక పిల్లను కీబోర్డు ముందు కూర్చోబెట్టి ఏడూ వాయించాను. "మరి చందమామ?" అంది. చంద్రుడికి భూమి చుట్టూ 27.3 రోజులు, అదే 21 కోట్ల రెట్లు వేగంతో సెకనుకు దాదాపు 89 చుట్లు. మా షడ్జమంతో పోల్చి ఏ మెట్టా అని వెతికితే మంద్ర (కింది) స్థాయిలో రెండు 'మ'లకు, అంటే శుద్ధ మధ్యమానికీ ప్రతి మధ్యమానికీ, సరిగ్గా నడుమ పడింది. కీబోర్డు మీద ఆ మెట్టు లేదు. గొంతుతోనే పట్టి వినిపించాను.