ఈటె తిరిగిచ్చాడు, ఇంటికి మాత్రం వెళ్లలేదు

సంఘంలో కౌన్సెలింగ్‌కి వచ్చేవాళ్లలో ఎక్కువమందిని గాయపరిచింది బయటివాళ్లు కాదు, ఇంట్లోవాళ్లే. వాళ్ల నోట పదేపదే వినే మాటలు ఇవి. కొన్ని పాస్టర్లం మేమే నేర్పాం, ఒప్పుకోవాలి.

అపోహ: దేవుడు సార్వభౌముడు కాబట్టి జరిగినదానికి ఎవరినీ తప్పు పట్టకూడదు.

వాస్తవం: దీనికి అందరూ బైబిల్లోని యోసేపునే చూపిస్తారు, ఆదికాండము 50:20. అన్నలు గుంటలో పడేసి, బానిసగా అమ్మేస్తే ఐగుప్తులో (ఈజిప్టులో) పెద్ద అధికారి అయినవాడు. కానీ ఆ వచనంలో మొదటి సగం మింగేస్తారు. మీరు నాకు కీడు తలపెట్టారని యోసేపు అన్నల మొహం మీదే అన్నాడు. దేవుడు మేలు ఉద్దేశించాడన్నది ఆ తర్వాతి మాట. పైగా ఆ మాట అన్నది గుంటలో పడ్డవాడు, పడేసినవాళ్లు కాదు. చెల్లెలి వాటా రాయించుకున్న అన్న వచ్చి "అంతా దేవుని చిత్తంలేమ్మా" అంటే అది విశ్వాసం కాదు, తప్పించుకోవడం.

అపోహ: నిజంగా క్షమిస్తే మర్చిపోతాం.

వాస్తవం: యోసేపు పెద్ద కొడుక్కి మనష్షే అని పేరు పెట్టాడు. తన బాధనూ తండ్రి ఇంటినీ దేవుడు మరిపించాడని దానికి అర్థం చెప్పాడు. తీరా కరువులో అన్నలు ధాన్యం కోసం ఐగుప్తుకు వచ్చి, ఇతనెవరో గుర్తుపట్టక, తమ భాష రాదనుకుని పాత సంగతి మాట్లాడుకుంటుంటే పక్కకెళ్లి ఏడ్చాడు. 17 ఏళ్లప్పుడు అమ్ముడుపోయినవాడు, ఇరవై ఏళ్లు దాటాక!

ఒకావిడ, తండ్రిని క్షమించానని నాతో చెబుతుండగానే ఫోన్ మోగింది. తండ్రి పేరు చూసి ఫోన్ బోర్లా పెట్టేసింది. చెయ్యి వణుకుతోంది. "అయితే నేను క్షమించలేదా పాస్టర్ గారూ?" అంది. క్షమించావమ్మా, మనసు ఒప్పుకున్నంత తొందరగా ఒళ్లు ఒప్పుకోదు అన్నాను.

అపోహ: క్షమిస్తే మళ్లీ కలిసి ఉండాల్సిందే.

వాస్తవం: ఎక్కువమందిని నలిపేసేది ఇదే. యోసేపు అన్నల్ని చూడగానే కౌగిలించుకోలేదు. వాళ్లలో షిమ్యోనును పట్టి ఉంచాడు, దొంగతనం మోపడానికి తమ్ముడు బెన్యామీను గోనెలో వెండి గిన్నె పెట్టించాడు. తమ్ముణ్ణి మళ్లీ వదిలేసి పోతారా అని చూశాడనే నేను చదువుకుంటాను. అప్పట్లో అమ్మేద్దామన్న యూదాయే ఇప్పుడు తమ్ముడి బదులు బానిసగా ఉంటానన్నాడు. నేనే యోసేపునని అతను చెప్పింది అప్పుడు.

దావీదు సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. తనను చంపాలని తరుముతున్న మామ, సౌలు రాజు, రెండుసార్లు చేతికి చిక్కినా చంపలేదు. రెండోసారి నిద్రపోతున్న సౌలు తల దగ్గరి ఈటె తీసుకుని దూరంగా వెళ్లి పిలిచాడు. అప్పుడు సౌలు, నీకు ఇక కీడు చేయను, తిరిగి రమ్మన్నాడు. ఈటె తీసుకెళ్లడానికి ఒక మనిషిని పంపమన్నాడు దావీదు. తను మాత్రం తన దారిన పోయాడు.

అపోహ: పోలీసుల దగ్గరికి వెళ్తే విశ్వాసం లేనట్టే.

వాస్తవం: అధికారులను నియమించింది కూడా దేవుడేనని పౌలు రాశాడు. ఇంట్లో కొడుతుంటే ముందు బయటపడండి. క్షమాపణ గురించి తర్వాత కూర్చుని మాట్లాడుకుందాం.

అపోహ: క్షమించానని ఒక్కసారి చెబితే అవతలివాళ్ల మనసు కుదుటపడుతుంది.

వాస్తవం: కుటుంబమంతా యోసేపు దగ్గరికి వచ్చేశాక తండ్రి యాకోబు ఐగుప్తులో 17 ఏళ్లు బతికాడు. అన్నేళ్లూ యోసేపు పెట్టిన తిండి తిన్న అన్నలు, తండ్రి పోగానే ఇక పగ తీర్చుకుంటాడని వణికిపోయారు. ఆ కబురు విని యోసేపు ఏడ్చాడు. భయపడకండి, నేనేమైనా దేవుని స్థానంలో ఉన్నానా అని అడిగి, మిమ్మల్నీ మీ పిల్లల్నీ పోషిస్తానని మళ్లీ మొదటినుంచీ చెప్పాడు.