బోల్టులు ఎందుకు రాలాయి? జేమ్స్ వెబ్ ఆలస్యం వెనుక సంగతులు

2018 వేసవిలో కాలిఫోర్నియాలోని రెడోండో బీచ్‌లో జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోపు వ్యోమనౌకకు శబ్ద పరీక్ష జరిగింది. రాకెట్ లేచేటప్పటి హోరును పెద్ద స్పీకర్లతో పుట్టించి, నౌక తట్టుకుంటుందా లేదా అని చూస్తారు. పరీక్ష అయ్యాక చూస్తే మరలు, వాషర్లు ఊడి కనిపించాయి. సూర్యుడి వేడిని ఆపే పొరల తెర, అంటే సన్‌షీల్డ్ మీది కవర్లను బిగించినవవి.

బోల్టు కొన నట్టు దాటి పొడుచుకొస్తే పక్కనే మడతపెట్టిన సన్‌షీల్డ్ పొర చిరుగుతుందని భయపడి, కొన బయటికి రాకుండా బిగించారు. కానీ బోల్టు మర పూర్తిగా దిగితే తప్ప లాక్‌నట్టుకు పట్టు చిక్కదు. పట్టు లేని నట్టు అదురుకు కొంచెం కొంచెంగా తిరిగి ఊడిపోతుంది. ఊడింది మళ్లీ బిగిస్తే సరిపోదు. ఒక్క వాషర్ మడతల్లో మిగిలినా, పొర విచ్చుకునేటప్పుడు అదే అడ్డం పడుతుంది. అందుకే ప్రతి ముక్క కోసం వెతకాల్సి వచ్చింది.

పొర విషయంలో ఆ భయం నిజమైనదే. మొత్తం ఐదు పొరలు, అన్నీ కాప్టాన్ అనే పలుచని ప్లాస్టిక్‌వి. సూర్యుడి వైపు పొర మందం 0.05 మిల్లీమీటర్లు, మిగతావి అందులో సగం. విప్పితే 21 మీటర్ల పొడవు, 14 మీటర్ల వెడల్పు. 2017లో విప్పి చూసినప్పుడే ఏడు చోట్ల చిరిగింది. వెబ్ పరారుణ టెలిస్కోపు, అంటే వేడి కిరణాలను పసిగట్టేది. మైనస్ 223 డిగ్రీల కంటే చల్లగా లేకపోతే తన వేడే తనకు అడ్డొస్తుంది. సన్‌షీల్డ్ విచ్చుకోకపోతే అద్దం ఎంత బాగున్నా వృథా.

హబుల్ అంతరిక్ష టెలిస్కోపుకు 1990లో అద్దం తేడా బయటపడితే 1993లో షటిల్‌లో వెళ్లి సరిచేశారు. వెబ్ ఉండేది 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, అక్కడికి మెకానిక్ వెళ్లలేడు. ఒక్కటి విఫలమైతే పనే ఆగిపోయే చోట్లు 344 అని 2018లో స్వతంత్ర సమీక్ష లెక్క తేల్చింది. తప్పు ద్రావకంతో కడిగి థ్రస్టర్ల (నౌకను కదిపే చిన్న ఇంజిన్ల) వాల్వులను పాడుచేసిన సంగతీ అందులోనే ఉంది. ప్రయోగం 2021 మార్చికి వాయిదా పడింది. ఆ వాయిదా సబబే. వెతుకులాటకు, మళ్లీ పరీక్షలకు సమయం ఇవ్వకుండా పంపడం సరైన పని కాదు.

జనం పెద్దగా పట్టించుకోని చిక్కు ఇంకొకటి ఉంది, గాలి. రాకెట్ పైకి వెళ్తుంటే, దాని కొనన నౌకను కప్పి ఉంచే తొడుగు (హీట్ షీల్డ్) లోపలి గాలి రంధ్రాల గుండా బయటికి పోతుంది. కాస్త పీడనం మిగిలి ఉండగా హీట్ షీల్డ్ విడిపోతే, మడతల మధ్య చిక్కిన గాలి ఒక్కసారిగా వ్యాకోచించి పొరను లాగేస్తుంది. వెబ్‌ను మోసుకెళ్లే ఏరియాన్ 5 రాకెట్ రంధ్రాలు పూర్తిగా తెరిచి ఉండేలా మార్చి, 2021లో వెబ్ కంటే ముందు ఎగిరిన రాకెట్లలో పీడనం కొలిచి చూసుకున్నారు.

వెబ్ పనామా కాలువ మీదుగా ఓడలో 2021 అక్టోబరు 12న ప్రయోగ కేంద్రం ఉన్న ఫ్రెంచ్ గయానా చేరింది. నవంబరులో టెలిస్కోపును రాకెట్ అడాప్టరుకు పట్టి ఉంచే బ్యాండు హఠాత్తుగా వదులై నౌక అంతా అదిరింది. పరీక్షించాక దెబ్బ లేదని తేల్చి ఇంధనం నింపారు. డిసెంబరు 25న ప్రయోగం జరిగింది. పొరలను పట్టి ఉంచిన 107 విడుదల పరికరాలూ సవ్యంగా వదిలాయి. 2022 జనవరి 4కల్లా ఐదో పొర కూడా బిగుతుగా లాగుకుంది.