సర్కారు బడి మీద జనం సంతృప్తి: అపోహలు - వాస్తవాలు

నేను పశ్చిమ ప్రకాశంలో, కనిగిరి పామూరు వైపు సీఆర్‌ఎంటీగా (క్లస్టర్ రిసోర్స్ మొబైల్ టీచర్) చేస్తున్నా. కాంప్లెక్స్‌లో, అంటే ఒక గుంపుగా కలిపిన చుట్టుపక్కల బడులన్నీ తిరగడం, హాజరు చూడటం, తల్లిదండ్రులు ఏమనుకుంటున్నారో ఫారాలు నింపించి పైకి పంపడం ఇదే పని. ఆ ఫారాల్లో శాతాలు చూసి వాట్సాప్ గ్రూపుల్లోనే కాదు ఆఫీసుల్లో కూడా ఏదేదో తేల్చేస్తుంటారు, అవే మాటలు వినీ వినీ విసుగొచ్చి రాస్తున్నా.

అపోహ: తల్లిదండ్రుల మీటింగ్‌లో నూటికి తొంభై మంది బాగుందన్నారంటే బడి బాగున్నట్టే.

వాస్తవం: ముందు ఎవర్ని అడిగారో చూడండి. 2024 డిసెంబర్ 7న రాష్ట్రమంతా ఒకేరోజు మెగా పీటీఎం (తల్లిదండ్రులు, టీచర్ల మీటింగ్) పెట్టారు, 2025 జూలై 10న మళ్లీ పెట్టారు, మంచి పనే, తల్లులకు ముగ్గులు తండ్రులకు టగ్ ఆఫ్ వార్ అని బాగా సందడి చేశారు. కానీ వచ్చేది ఊళ్లో ఉన్నవాళ్లే కదా. మా వైపు వానలు పడని ఏడాది వీధికి వీధే హైదరాబాద్, బెంగళూరు బిల్డింగ్ పనులకు పోతది, పిల్లోడు అవ్వ దగ్గర ఉంటాడు, మీటింగ్‌కి వచ్చేది ఆ అవ్వే, పక్కన హెచ్‌ఎం (హెడ్మాస్టర్) నిలబడి ఉండగా మీ మనవడి చదువు ఎట్టుందమ్మా అంటే ఆమె మాత్రం ఏం చెప్తది.

ఇంకో రకం వాళ్లు అసలు లెక్కలోకే రారు, జూన్‌లో టీసీ తీసుకుని ప్రైవేటుకు మార్చినవాళ్లు. బడి మీద గట్టి అభిప్రాయం ఉండేది వాళ్లకే, వాళ్లను అడిగే ఫారం లేదు. కోపం ఉన్నవాళ్లు వెళ్లిపోయే కొద్దీ మిగిలినవాళ్లలో సంతృప్తి శాతం పెరుగుద్ది, బడిలో పిల్లల సంఖ్య తగ్గుద్ది. రెండు కాయితాలూ ఒకే బీరువాలో ఉంటాయి, పక్కపక్కన పెట్టి చూసే నాథుడు లేడు.

అడిగే తీరు కూడా ఉంది. మధ్యాహ్న భోజనం బాగుందా అంటే బాగుందనే అంటారు, వండేది వాళ్ల వీధి మనిషే, చుట్టం కూడా అయ్యుంటది, మనకెందుకు చెడ్డ అనుకుంటారు. ఒక తల్లిని వేరేగా అడిగా, పాప సాయంత్రం ఇంటికి రాగానే మళ్లీ అన్నం అడుగుద్దా అని. "రోజూ అడుగుద్ది సార్, అన్నం ముద్దైపోతందంట, గుడ్డు ఒక్కటే తిని చేయి కడుక్కుంటదంట" అంది. ఆమె ఫారంలో టిక్కేమో "చాలా బాగుంది" దగ్గర ఉంది! సంగతేందంటే 2025 జూన్ నుంచి బడులకు సన్నబియ్యం ఇస్తున్నారు, బియ్యం మారింది గానీ ఆ వంటామె ఎసరు మాత్రం పాత కొలతే పోస్తంది. ఒక గిన్నె నీళ్లు తగ్గిస్తే తీరే గొడవ, ఏ శాతంలోనూ కనపడదు.

అపోహ: ప్రైవేటుకు పోతున్నారంటే సర్కారు టీచర్లు చెప్పట్లేదనే.

వాస్తవం: కొన్ని చోట్ల నిజమే, దాచేదేముంది. కానీ టీసీకి వచ్చినవాళ్లను కూర్చోబెట్టి అడిగితే ముందు వచ్చే మాటలు వేరే. ప్రైవేటులో మూడేళ్లకే నర్సరీ, ఇంటి ముందుకు పసుపు రంగు బస్సు. మన దగ్గర ఐదేళ్లు నిండితేనే ఒకటో తరగతి, అందాకా అంగన్‌వాడీ. మనం ఏప్రిల్‌లో బ్యానర్ పట్టుకుని అడ్మిషన్ డ్రైవ్ అని వీధిలోకి పోయేసరికి ఆ పిలకాయ రెండేళ్లుగా టై కట్టుకుని బస్సెక్కుతుంటాడు, దించి మన బడికి పంపమంటే ఏ తల్లి పంపుద్ది?

రెండోది ఒంటి టీచరు బడి. విద్యాహక్కు చట్టం షెడ్యూల్లో 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లని ఉంది, పిల్లలు ఇరవైకి లోపు పడిపోయిన బడిలో మిగిలేది ఒక్కరే. ఐదు తరగతులు, ఒక సారు, మధ్యలో యాప్‌లో ఫొటోలు ఎక్కించడం. 2022లో 117 జీవోతో 3, 4, 5 తరగతుల్ని హైస్కూళ్లలో కలిపితే దూరమని జనం గొడవ చేశారు. 2025లో దాన్ని రద్దు చేసి పక్క బడుల పిల్లల్ని కలిపి తరగతికో టీచరు ఉండేలా మోడల్ ప్రైమరీ స్కూళ్లు పెడితే కొన్ని ఊళ్లలో మళ్లీ అదే గొడవ. జనానికి నిలకడ లేదని ఆఫీసుల్లో విసుక్కుంటారు గానీ, తరగతికో టీచరూ కావాలి, ఆరేళ్ల పిల్ల హైవే దాటకుండానూ ఉండాలి, రెండూ న్యాయమైన కోరికలే.

అపోహ: బిల్డింగ్ బాగుచేస్తే జనం తృప్తి పడతారు.

వాస్తవం: సర్కారు బడులు బాగుచేసే నాడు-నేడు పథకం మొదలైందే మన ఒంగోల్లో, 2019 నవంబర్ 14న. బెంచీలు, ఫ్యాన్లు, రంగులు చూసి నిజంగానే సంబరపడ్డారు. ఆ సంబరం ఒక ఏడాది ఉంటది, తర్వాత తల్లులు అడిగేది బాత్రూంలో నీళ్లొస్తన్నాయా అని. ఎండాకాలం బోరు ఎండిపోద్ది, బాత్రూంకి తాళం పడుద్ది, ఎనిమిదో తరగతి పిల్ల పొద్దున్నుంచి నీళ్లు తాగకుండా సాయంత్రం దాకా బిగబట్టుకుని కూర్చుంటది. ఫారంలో అడిగేదేమో మరుగుదొడ్డి ఉందా లేదా అని. ఉంది, టైల్స్‌తో సహా ఉంది.

అపోహ: డబ్బులు వేస్తున్నారు కాబట్టి జనం బడిని మెచ్చుకుంటారు.

వాస్తవం: పిల్లల్ని చదివించే తల్లుల ఖాతాలో డబ్బులేసే తల్లికి వందనం పథకం ప్రైవేటులో చదివించే తల్లికీ వస్తది, ఇక సర్కారు బడి మీద దానివల్ల ప్రేమ ఎందుకు పెరగాలి? 15 వేలన్నది ఖాతాలో పడింది 13 వేలు, మిగతా 2 వేలు బడి నిర్వహణకు పోయింది, అది చెప్పలేక హెచ్‌ఎంలు అల్లాడారు. ఆధార్ బ్యాంకుకి లింక్ కాలేదన్నా, కరెంటు 300 యూనిట్లు దాటిందని జాబితాలో పేరు పోయినా తిట్లు పడేది బడి గేటు దగ్గరే.

అపోహ: ఎస్‌ఎంసీ (బడి యాజమాన్య కమిటీ) ఉందిగా, వాళ్లు చెప్తారు.

వాస్తవం: చట్టం ప్రకారం కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. మా వైపు చాలాచోట్ల రిజిస్టరే సంతకం కోసం వాళ్ల ఇంటికి పోతది, ఇంకేం చెప్తారు.



మీ బడి సంగతి నిజంగా తెలుసుకోవాలని ఉంటే సంక్రాంతికి పనుల నుంచి జనం ఊళ్లోకి దిగినప్పుడు పోండి, ఫారం లేకుండా, హెచ్‌ఎం లేకుండా. టీసీ తీసుకున్న ఇళ్లకు కూడా పోండి. పోయిన నెల పిల్లోడి నోట్‌బుక్కు ఎవరన్నా దిద్దారా, పాప బడిలో బాత్రూంకి పోతదా ఇంటికొచ్చేదాకా ఆగుతదా, సారు సెలవు పెట్టిన రోజు తరగతిలో ఎవరున్నారు, ఈ మూడు అడగండి చాలు. విన్నది ఆ సాయంత్రమే హెచ్‌ఎం చెవిన వేయండి, ఎవరు చెప్పారో మాత్రం చెప్పొద్దు.