65, 100, 20

పోయిన ఏడాది డాలస్‌లో ఉన్న మా మేనల్లుడి దగ్గరికి వెళ్తే, వాడి గరాజ్‌లో కారు లేదు. కారు బయట ఎండలో ఉంది. లోపల మన పెళ్లిళ్లలో సాంబారు కాచేంత స్టీలు గిన్నె, గ్యాస్ పొయ్యి, మూతలు బిగించిన రెండు బకెట్లు. ఒక్కో మూత మీద నీళ్లు నింపిన చిన్న ప్లాస్టిక్ గొట్టం. అందులోంచి కాసేపటికోసారి బుడుక్ బుడుక్‌మని బుడగలు. ఏందిరా ఇది అంటే, “బీరు మామా, శనివారం కలిపిన” అన్నాడు, ఆవకాయ కలిపానన్నంత మామూలుగా.

అక్కడ అది మామూలే. 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన చట్టం వచ్చాక, సొంతానికి ఇంట్లో బీరు చేసుకుంటే పన్ను లేదు. ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్లు, అంటే సుమారు 757 లీటర్లు. అమ్మకూడదు, అంతే. హైదరాబాద్ సంగతి వేరు. 1968 నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మత్తు పానీయం తయారుచేయడం నేరం. జూబ్లీహిల్స్‌లో, గచ్చిబౌలిలో అద్దాల వెనక స్టీలు ట్యాంకులు పెట్టి బీరు చేసే మైక్రోబ్రూవరీలన్నీ లైసెన్సు తీసుకున్నవే. కాబట్టి ఇది చదివి బకెట్ కొనుక్కురావద్దు. నేనూ కొనలేదు. కానీ వాడి గరాజ్‌లో వారం రోజులు కూలీ పని చేశాక నాకు అర్థమైనదేమిటంటే, ఆ హాబీలో అసలు సరదా తాగడంలో లేదు, థర్మామీటర్లో ఉంది. ఆ సరదా వరకు మన వంటింట్లోనే తీర్చుకోవచ్చు.

మధ్యలో ఒక చిన్న మాట. మన భాషలో కల్లు గీస్తారు, సారా కాస్తారు. బీరుకి మాత్రం సొంత క్రియ లేదు. ‘తయారీ’ అని సరిపెట్టుకోవాలి.

బీరుకి కావలసినవి నాలుగే: నీళ్లు, బార్లీ మాల్ట్, హాప్స్ అనే చేదు పూలు, ఈస్ట్. 1516లో బవేరియా పాలకులు బీరులో ఏమేం వాడాలో శాసనం చేసినప్పుడు మొదటి మూడే రాశారు. ఈస్ట్ ఊసే లేదు. గిన్నెలో ఏదో జరిగి గింజల కషాయం బీరైపోతుందని తెలుసు కానీ, ఆ పని చేసేది ఒక ప్రాణి అని అప్పటికి తెలియదు.

మా వాడు ఒక విడతకు 19 లీటర్లు చేస్తాడు. దానికి అయిదు కిలోల దాకా మాల్ట్, గుప్పెడు హాప్స్, 11 గ్రాముల ఈస్ట్ పొట్లం. గరాజ్ గోడ మీద మార్కర్‌తో మూడు సంఖ్యలు రాసుకున్నాడు: 65, 100, 20. మూడూ సెల్సియస్ డిగ్రీలే, మొత్తం పని అదే.

65 సంగతి మన రాగి జావతో చెబితే త్వరగా ఎక్కుతుంది. గింజ నిండా పిండిపదార్థం ఉంటుంది. ఈస్ట్ దాన్ని తినలేదు, దానికి చక్కెర కావాలి. ఆ పిండిని చక్కెరగా కోసే కత్తెరలు గింజలోనే ఉంటాయి, వాటి పేరు ఎమైలేజ్ ఎంజైములు. గింజ మొలకెత్తేటప్పుడు మొలకకు తిండి కోసం అవి పుట్టుకొస్తాయి. బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, కత్తెరలు తయారైన సమయానికి మొలక ఎదగకుండా ఆరబెడితే అది మాల్ట్. మొలకెత్తిన రాగుల పిండి కూడా సరిగ్గా అదే. మనం చిన్నపిల్లలకు పెడుతున్నది మాల్టే.

హైదరాబాద్ తిరిగొచ్చాక మా వంటింట్లో చేసి చూశాను. మామూలు రాగి పిండితో గరిటె నిలబడేంత చిక్కగా జావ కాచి, అందులో మొలకల పిండి రెండు చెంచాలు కలిపాను. ఏమీ కాలేదు. అరగంట కలుపుతూ నిలబడ్డా జావ జావలాగే ఉంది. తప్పు నాదే, పొయ్యి ఇంకా వెలుగుతూనే ఉంది. మరిగే వేడికి ఎంజైములు చచ్చిపోతాయి. రెండోసారి జావ దించి, థర్మామీటర్ పెట్టి, 65 డిగ్రీలకు దిగేదాకా ఆగి కలిపాను. ఈసారి మొలకల పిండి కూడా వేయించింది కాకుండా (వేయించినా ఎంజైములు చస్తాయి) నీడన ఆరబెట్టి పట్టించింది. నాలుగైదు నిమిషాల్లో గరిటెకు పట్టు వదిలింది. పావుగంటకల్లా జావ మజ్జిగలా జారిపోతోంది. నేను ఒక్క చుక్క నీళ్లు పోయలేదు. నాలుక మీద వేసుకుంటే సన్నటి తీపి. మొదటి గిన్నెలోంచి ఒక చుక్క పళ్లెంలో వేసి టింక్చర్ అయోడిన్ తాకిస్తే నీలం నలుపు. రెండో గిన్నెలోంచి తీసిన చుక్కలో ఆ రంగు బాగా వెలిసింది. పిండి చక్కెరైపోయిందా లేదా అని బీరు చేసేవాళ్లు చూసుకునేది ఈ అయోడిన్ పరీక్షతోనే.

65 దగ్గరే ఎందుకంటే, కత్తెరలు రెండు రకాలు. ఒకటి 60 నుంచి 65 మధ్య చురుగ్గా ఉండి, ఈస్ట్‌కి ఇష్టమైన మాల్టోజ్ అనే చక్కెరగా కోస్తుంది. రెండోది 70 దగ్గర హుషారు, అది పెద్ద పెద్ద ముక్కలుగా నరుకుతుంది. ఆ ముక్కల్ని ఈస్ట్ తినలేదు, అవి బీరులో చిక్కదనంగా మిగిలిపోతాయి. 63 దగ్గర ఆపితే పలచని బీరు, 69 దగ్గర ఆపితే ఒళ్లున్న బీరు. ఆరు డిగ్రీలకే అంత తేడా.

ఇదంతా చూసి జొన్నలతో మొదలుపెట్టేవాళ్లకు ఒక హెచ్చరిక. జొన్న మొలకలో సైనైడ్‌ను విడుదల చేసే పదార్థం ఉంటుంది. లేత జొన్న మేసి పశువులు చచ్చిపోతాయని మన రైతులు చెప్పేది దాని గురించే. రాగులతో సరిపెట్టుకోండి.

100 గురించి చెప్పడానికి పెద్దగా లేదు. మాల్ట్‌ను 65 డిగ్రీల నీళ్లలో నానబెట్టి, వడగట్టిన తియ్యని కషాయాన్ని గంటసేపు మరిగిస్తారు. సూక్ష్మజీవులు చస్తాయి, హాప్స్‌లోని ఆమ్లాలు రూపం మార్చుకుని చేదవుతాయి. ఆ చేదు రుచికే కాదు, కొన్ని రకాల బ్యాక్టీరియాను పెరగనివ్వదు కూడా. నీటి విషయంలో మాత్రం జాగ్రత్త పడాలి. క్లోరిన్ వాసన కొట్టే నల్లా నీళ్లతో చేస్తే బీరుకు ఆసుపత్రి వాసన వస్తుంది.

ఇక 20, అంటే చల్లారిన కషాయంలో ఈస్ట్ వేసి పులియబెట్టే వేడి. పొయ్యి ఉంటే 65, 100 ఎవరైనా తెస్తారు. హైదరాబాద్‌లాంటి ఊళ్లో 20 తేవడమే గగనం.

మా వాడి మొదటి విడత కథ వినండి. ఆగస్టు నెల, టెక్సాస్ ఎండ, ఏసీ లేని గరాజ్. బకెట్ అక్కడే పెట్టి ఆఫీసుకు పోయాడు. ఒక్కరోజులోనే నురగ గొట్టంలోంచి పొంగి నేల మీదికి వచ్చింది. ఈస్ట్ భలే పనిచేస్తోందని ఫోటో తీసి మా ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు కూడా. రెండు వారాలకు గ్లాసులో పోస్తే నెయిల్ పాలిష్ రిమూవర్ వాసన. “అత్త డ్రెస్సింగ్ టేబుల్ తాగినట్టుంది మామా” అన్నాడు.

జరిగింది ఏమిటంటే, ఈస్ట్ చక్కెరను సారాయంగా, బొగ్గుపులుసు వాయువుగా విడగొడుతుంది. లెక్క ప్రకారం 180 గ్రాముల గ్లూకోజ్ నుంచి 92 గ్రాముల ఆల్కహాల్, 88 గ్రాముల వాయువు. ఈ పనిలో వేడి కూడా పుడుతుంది, అందుకే బకెట్ లోపల బయటికన్నా నాలుగైదు డిగ్రీలు ఎక్కువ ఉండొచ్చు. వేడి ఎక్కువైతే ఈస్ట్ ఆదరాబాదరాగా పెరుగుతూ, మోతాదు మించి ఈస్టర్లను (ఆ నెయిల్ పాలిష్ వాసన వీటిదే), ఘాటు వాసనల బరువైన ఆల్కహాళ్లను వదులుతుంది. ఏల్ అనే బీరు రకానికి వాడే ఈస్ట్‌కి 18 నుంచి 22 డిగ్రీలు సుఖం. మే నెలలో మా మల్కాజిగిరి ఇంటి హాల్లో ఫ్యాన్ కింద 35.

షాపుల్లో మనకు దొరికే సీసాల్లో ఎక్కువ భాగం లాగర్ రకం. దాని ఈస్ట్ ఇంకా చలిమనిషి, 8 నుంచి 13 డిగ్రీలు కావాలి. 1883లో కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ హాన్సెన్ దాన్ని ఒకే కణం నుంచి శుద్ధంగా పెంచాడు. అది రెండు జాతుల సంకరం అని తెలిసినా, చలికి ఓర్చే ఆ రెండో జాతి ఎక్కడిదో తెలియలేదు. 2011లో దక్షిణ అమెరికా కొసన పటగోనియా అడవుల్లో అది కనబడింది.

దీనికి పూర్తిగా రివర్స్ క్వైక్. నార్వే పల్లెల్లో తరతరాలుగా చెక్క రింగుల మీద ఎండబెట్టి దాచుకున్న ఈస్ట్ ఇది. 35 డిగ్రీల వేడిలో కూడా వెర్రి వాసనలు లేకుండా పని చేస్తుంది. మంచు దేశంలో పుట్టి మన ఎండాకాలానికి సరిపోవడం ఏం న్యాయమో! మా వాడు ఇప్పుడు ఆగస్టులో అదే వాడుతున్నాడు.

ఈ వేడి సంగతి చూడ్డానికి బీరు అక్కర్లేదు. మూడు అరలీటరు సీసాల్లో గ్లాసు నీళ్లు, రెండు చెంచాల చక్కెర, అరచెంచా బేకరీ ఈస్ట్ వేసి, మూతికి బెలూన్లు తగిలించాను. ఒకటి ఫ్రిజ్‌లో, ఒకటి హాల్లో, ఒకటి డాబా మీద నీడలో. ఫ్రిజ్ బెలూన్ వేలాడుతూ ఉండిపోయింది. హాల్లోది మధ్యాహ్నానికి లేచి నిలబడింది. డాబా మీదిది గంటలోపే. వాసన చూస్తే డాబా సీసాదే ఘాటు. తాగేది కాదు కాబట్టి మూడూ సింకులో పోశాను. సీసాలకు మూతలు మాత్రం బిగించకండి. బీరు సీసాల్లో పొంగు కోసం లీటరుకు ఆరు గ్రాముల చక్కెర వేస్తారు, అది బాగా ఎక్కువైతే గాజు సీసాలు పేలిపోవచ్చు.

పులియడం అయిపోయిందని కంటితో చెప్పలేం. పాలకేంద్రంలో లాక్టోమీటర్ ముంచినట్టు వీళ్లు హైడ్రోమీటర్ ముంచుతారు. నేనున్నప్పుడు మొదలుపెట్టిన బకెట్ తొలిరోజు 1.050 చూపించింది, అంటే మామూలు నీళ్లకన్నా అయిదు శాతం బరువు. చక్కెర తగ్గేకొద్దీ గొట్టం కిందికి దిగుతూ వచ్చి చివరికి 1.010 దగ్గర నిలిచింది. తేడాను 131 తో గుణిస్తే 5.24, అంటే సుమారు అయిదుంపావు శాతం ఆల్కహాల్.

ఈ మూడు సంఖ్యలు తలలో పడ్డాక కల్లు కొత్తగా కనిపిస్తుంది. చెట్టు తనే చక్కెర నీళ్లిస్తుంది కాబట్టి 65 అక్కర్లేదు. ఎవరూ మరిగించరు, కాబట్టి 100 లేదు. పాత లొట్టిలో అంటుకున్న ఈస్ట్, బ్యాక్టీరియా కలిసి వాతావరణపు వేడికే పని మొదలుపెడతాయి. అందుకే పొద్దున తీపి, ఎండెక్కితే ఘాటు, సాయంత్రానికి పులుపు. పులియని నీరా కావాలంటే లొట్టి లోపల సున్నం పూస్తారు, ఆ క్షారంలో ఈస్ట్ కదలదు.

మొన్న భువనగిరి వైపు వెళ్తూ చెట్ల కింద ఆగి, జేబులోని థర్మామీటర్ తీసి లొట్టిలో ముంచాను. 29. గౌడన్న నా వంక, లొట్టి వంక మార్చి మార్చి చూసి అడిగాడు.

“ఏంది సారూ, కల్లుకు జరమొచ్చిందా?”