కుండీ అడుగున తిష్ఠ వేసే నీళ్లు

"ఆఫ్రికన్ వయొలెట్ ఆకు నాటితే పిలకలొచ్చాయి, విడదీసి చిన్న కుండీల్లో పెట్టాను, ఇప్పుడు ఒక్కోదానికి రోజుకి ఎన్ని నీళ్లు పోయాలి?" అని ఇంట్లో కుండీల్లో ఈ పూలమొక్కని పెంచుతున్న ఒక పాఠకురాలు అడిగారు. దీనికి చెంచాల లెక్కలో సమాధానం చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు గానీ నాకు ఆ లెక్కల మీద నమ్మకం లేదు. మనం ఎన్ని పోశామన్నది అటుంచండి, పోసినవాటిలో ఎన్ని కిందికి దిగకుండా కుండీలోనే ఉండిపోయాయన్నది అసలు సంగతి. అది తేల్చేవి మట్టి రేణువుల మధ్య ఉండే సందులు.

గిన్నెలు తోమే స్పాంజ్ కొత్తది ఒకటి తీసుకుని నీళ్లలో బాగా నానబెట్టండి. పిండకుండా బల్లపరుపుగా పట్టుకోండి. కాసేపు ధారగా, తర్వాత చుక్కలుగా కారి ఆగిపోతుంది. ఇప్పుడు దాన్ని పొడుగు అంచు కిందికి వచ్చేలా తిప్పండి. ఆగిపోయిందనుకున్నది మళ్లీ కారుతుంది! అది కూడా ఆగాక పొట్టి అంచు మీద నిలువుగా పట్టుకుంటే ఇంకాసిని దిగుతాయి. మనం ఒక్కసారి కూడా పిండలేదు, మారిందల్లా ఎత్తు.

సన్నటి సందుల్లో నీటిని ఉపరితల తన్యత పట్టి ఉంచుతుంది, గురుత్వాకర్షణ కిందికి లాగుతుంది. అడుగు నుంచి కొంత ఎత్తు వరకు ఉపరితల తన్యతదే పైచేయి, అక్కడ సందులన్నీ నీటితో నిండిపోయి గాలికి చోటుండదు. ఆ ఎత్తు ఎంత? 0.1 మిల్లీమీటర్ల వ్యాసార్థం ఉన్న గాజు గొట్టంలో నీరు సుమారు 15 సెంటీమీటర్లు ఎక్కుతుంది, 0.5 మిల్లీమీటర్లైతే 3 సెంటీమీటర్లే. సందు ఎంత సన్నగా ఉంటే నీరు అంత ఎత్తుకి ఎక్కుతుందన్నమాట. స్కూల్లో కేశనాళికత అని చెప్పి ఈ ఫార్ములాని బట్టీ పట్టిస్తారు, కిటికీలో ఉన్న పూలకుండీ అడుగున జరుగుతున్నది కూడా ఇదేనని మాత్రం ఎవరూ చెప్పరు. మట్టిలో సందులు గొట్టాల్లా తిన్నగా ఉండవు కాబట్టి లెక్క ఉజ్జాయింపుగానే పనికొస్తుంది, కానీ ఒక విషయం గమనించండి: ఆ ఫార్ములాలో కుండీ వెడల్పు లేదు, కుండీ ఎత్తూ లేదు. ఒకే మట్టి నింపితే పొడుగు కుండీలోనైనా పొట్టి కుండీలోనైనా ఆ తడిపొర మందం ఒకటే. 20 సెంటీమీటర్ల కుండీలో 3 సెంటీమీటర్లు అడుగున ఉంటే వేళ్లకి పట్టింపు లేదు, 5 సెంటీమీటర్ల కుండీలో అదే పొర అంటే సగానికి పైగా బురదే.

అడుగున గులకరాళ్లు పరిస్తే నీళ్లు బాగా దిగుతాయన్నది ఎంత చెప్పినా చావని మూఢనమ్మకం. సన్న సందుల్లో ఇరుక్కున్న నీరు పెద్ద సందుల్లోకి తనంతట తాను దిగదు. తడి స్పాంజ్ కింద రాళ్లు పెట్టి చూడండి, అదనంగా ఏమీ కారదు. తడిపొర రాళ్ల పైకెక్కి కూర్చుంటుంది, వేళ్లకి ఇంకా దగ్గరగా.

నీటిలో ఆక్సిజన్ గాలిలో కంటే సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. టాంజానియా, కెన్యా కొండల్లో నీడపట్టున ఉన్న రాతి గోడల మీద, నాచులో, పగుళ్లలో పెరిగే ఈ మొక్కకి ఉన్నవి దారాల్లాంటి వేళ్లు, నీరు నిలవని చోట బతకడం వాటికి అలవాటు. ఊపిరాడని వేరు నీటిని పీల్చలేదు, దాంతో చుట్టూ నీళ్లున్నా ఆకులు వడలిపోతాయి. అది చూసి మనం ఇంకో గ్లాసుడు పోస్తాం. మిగతా పని పిథియం లాంటి కుళ్లు తెగుళ్లు చూసుకుంటాయి.

అలాంటప్పుడు పిల్లమొక్కని పెద్ద కుండీలోనే పెట్టొచ్చు కదా? ఇక్కడే తిరకాసు ఉంది. నాలుగు ఆకుల మొక్క తాగేది చాలా తక్కువ, పెద్ద కుండీలో వేళ్లు అందుకోని మట్టి రోజుల తరబడి తడిగానే ఉంటుంది. 5, 6 సెంటీమీటర్ల కుండీలో వేళ్లు త్వరగా అంతటా పాకి ఆ కొంచెం నీటినీ లాగేస్తాయి, ఖాళీ అయిన సందుల్లోకి గాలి వస్తుంది. కుండీ వెడల్పు మొక్క ఆకులు పరుచుకున్న వెడల్పులో మూడో వంతు ఉండాలని పెంచేవాళ్లు చెప్పే సూత్రం అందుకే బాగా పనిచేస్తుంది. తడిపొర మందం తగ్గించడం మట్టి మిశ్రమం వంతు: పీట్ మాస్ (కుళ్లి ఎండిన నాచు), పెర్లైట్, వెర్మిక్యులైట్ (రెండూ కాల్చి ఉబ్బించిన తేలికైన ఖనిజాలు) సమపాళ్లలో కలుపుతారు, పెర్లైట్ గుళికలు సందుల్ని పెద్దవి చేస్తాయి. తోటమట్టి ఎంత సారవంతమైనదైనా వద్దు.

నాకు అన్నిటికంటే ముచ్చటగా అనిపించేది వత్తి. కుండీ కన్నంలోంచి నైలాన్ లేదా అక్రిలిక్ నూలు పోగొకటి మట్టిలోకి దూర్చి కిందికి వేలాడదీయండి (నూలంటే కాటన్ వద్దు, కుళ్లుతుంది). స్పాంజ్ కింది మూలకి ఆ పోగు కట్టినా అంతే, స్పాంజ్ పొడుగు పెరిగినట్టే లెక్క, ఆగిపోయిన నీళ్లు పోగు వెంట మళ్లీ కారతాయి. అదే పోగు కొసని కింద నీళ్ల డబ్బాలో ముంచితే మట్టి ఆరినప్పుడల్లా నీరు పైకి ఎక్కుతుంది. డబ్బాలో నీటిమట్టం కుండీ అడుగుకి ఎంత కిందికి ఉంటే మట్టిలో తడి అంత తగ్గుతుంది, ఎందుకంటే ఇప్పుడు ఎత్తు కొలవాల్సింది ఆ నీటిమట్టం నుంచి. అంటే తడిని సెంటీమీటర్లలో సర్దుకోవచ్చన్నమాట! వత్తి పెట్టేట్టయితే మిశ్రమంలో సగం పెర్లైటే వేయండి, లేకపోతే ఎప్పుడూ నానుతూనే ఉంటుంది.

దీనికో చిక్కుంది. నీరు ఎప్పుడూ పైకే ప్రయాణించి ఆవిరైపోతుంటే ఎరువులోని లవణాలు మట్టి పైన, కుండీ అంచున తెల్లగా పేరుకుంటాయి, ఆ అంచుకి ఆనుకున్న ఆకు కాడలు కుళ్లుతాయి. నెలకోసారి పైనుంచి ధారాళంగా పోసి, కిందికి దిగినవి పారబోయాలి. అప్పుడు ఆకులు తడిసినా ఫర్వాలేదు. నీటి చుక్కలు భూతద్దంలా ఎండని గుచ్చి మచ్చలు పెడతాయంటారు గానీ, ఎండ తగలని మూలనున్న మొక్కకీ ఆ పాలిపోయిన మచ్చలు వస్తాయి. వెచ్చని ఆకు మీద చల్లని నీళ్లు పడి ఒక్కసారిగా చల్లబడితే పైపొర కింది కణాల్లో రిక్తికలు (ద్రవం నిండిన సంచులు) కూలి, వాటిలోని ఆమ్లద్రవం కణమంతా చిందుతుంది. ఫ్రిజ్ నీళ్లు, తెల్లవారుజామున ట్యాంకులోంచి వచ్చే చన్నీళ్లు అలాగే పోయకుండా గదిలో ఉంచి, ఆకంత వేడికి వచ్చాక పోస్తే మచ్చలు రావు.