మూత ఎందుకు తీస్తాడు?

ప్రియమైన పిల్లలకు,

మొన్న సాయంత్రం నాతో నడకకు వచ్చినప్పుడు చిన్నది అడిగిన ప్రశ్న ఇంకా నా చెవిలోనే ఉంది. పాత ప్లాస్టిక్ ఏరే షెడ్డు ముందు ఆగాం కదా. లోపల ఒక కుర్రాడు ఒక్కో సీసా తీసుకుని, మూత తిప్పి బుట్టలో వేసి, సీసాని గోనెసంచిలో పడేస్తున్నాడు. "తాతయ్యా, రెండూ ప్లాస్టిక్కే కదా, మూత ఎందుకు తీస్తున్నాడు?" అంది. చీకటి పడుతోందని మిమ్మల్ని ఇంటికి తీసుకొచ్చేశాను. అంత మంచి ప్రశ్నని అలా దారిలో వదిలేయబుద్ధి కాలేదు. అందుకే ఈ ఉత్తరం.

నా చిన్నప్పుడు మా నాయనమ్మకి ఒక రేకు పెట్టె ఉండేది. దాని నిండా మిగిలిపోయిన దారాలు. నూలు, ఉన్ని, పట్టు, అన్నీ కలిసి చిక్కుపడి పెద్ద ఉండ అయిపోయాయి. సెలవుల్లో నన్ను కూర్చోబెట్టి అది విడదీయించేది. లాగితే తెగేది, నాకు ఏడుపొచ్చేది. "లాగకురా, ముందు కొస వెతుకు" అనేది. వారం తిరిగేసరికి కళ్లు మూసుకుని, వేళ్లతో తడిమి ఏది నూలో ఏది ఉన్నో చెప్పేవాణ్ణి. విడదీసిన ఉన్నితో నాయనమ్మ నాకు టోపీ అల్లింది. ఆ ఉండ అన్నేళ్లు ఇంట్లోనే ఉన్నా, విడదీసేదాకా ఎవరికీ ఎందుకూ పనికిరాలేదు.

ప్లాస్టిక్ కూడా అలాంటిదే. లోపల అంతా కంటికి కనిపించనంత సన్నని, పొడవాటి దారాలు. సీసాలో ఉండే దారం పేరు పెట్. మూతలో ఉండేది వేరే రకం, మామూలుగా పాలిప్రొపిలీనో పాలిథిలీనో. మూత 130 నుంచి 165 డిగ్రీల వేడిలో కరిగిపోతుంది. సీసా కరగాలంటే 250 దాటాలి. రెండూ కలిపి కరిగిస్తే ఒకదానితో ఒకటి అతకవు. గట్టిపడ్డాక చేత్తో విరిస్తే పెళుసుగా విరుగుతుంది. సీసా అడుగున చూడండి, చిన్న త్రికోణంలో 1 అని ఉంటుంది. ఏ దారమో గుర్తుపట్టడానికి 1988లో మొదలైన పద్ధతి అది. ఆ అంకె రకం మాత్రమే చెబుతుంది. అది మళ్లీ వస్తువు అవుతుందా లేదా అన్నది ఏరే చేతుల మీద ఉంటుంది.

3 అంకె వేసిన పీవీసీ అనే ఇంకో రకం ప్లాస్టిక్ ముక్కలు పెట్‌లో కొంచెం కలిసినా చాలు. ఆ వేడికి పీవీసీ మాడి ఆమ్లం వదులుతుంది, ఆ ఆమ్లం పెట్ దారాల్ని తుంచేస్తుంది. నీటి తడి కూడా అంతే, ఆ వేడిలో దారాల్ని కొరికేస్తుంది. అందుకే సీసాల్ని ముక్కలు చేసి, కడిగి, బాగా ఆరబెట్టాకే కరిగిస్తారు. తర్వాత గింజల్లా చేస్తారు, లేదా నిజంగానే దారం తీస్తారు. మీ స్కూలు బ్యాగు పాలిస్టర్‌ది అయితే అదీ ఈ పెట్ దారమే.

ఇప్పుడు ఆ కుర్రాడి సంగతి. కలగాపులగంగా ఉన్న మూటకి ఎవరూ సరైన డబ్బు ఇవ్వరు. రకం రకం విడదీసి, శుభ్రం చేసి, నొక్కి కట్టలు కట్టినదానికి ఇస్తారు. ఆ తేడాలోంచే అతని జీతం వస్తుంది. ఇంటింటికీ వెళ్లి తెచ్చేవాళ్లు, తూకం వేసి లెక్క రాసేవాళ్లు, మిషన్ ఆగిపోతే విప్పి బాగుచేసేవాళ్లు, అందరికీ అందులోంచే. ఊళ్లోనే ఇంత పని ఉండగా, పని దొరకలేదని ఇంట్లో కూర్చున్న పిల్లల్ని చూస్తే నాకు బాధేస్తుంది. ప్లాస్టిక్ ముక్కలు చేసే మిషను, కరిగించే మిషను ఎలా కట్టుకోవాలో 2013లో మొదలైన ప్రెషస్ ప్లాస్టిక్ అనే బృందం వాళ్లు బొమ్మలతో సహా అందరికీ ఉచితంగా ఇచ్చేశారు. కెన్యాలో న్జాంబీ మటీ అనే యువతి ప్లాస్టిక్ వ్యర్థాన్ని ఇసుకతో కలిపి, నేల మీద పరిచే ఇటుకలు చేయించింది. 2020లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ ఆమెను సత్కరించింది.

అయితే ఆ పని చేసేవాళ్లకి చేతికి గ్లౌజులు, ముక్కుకి మాస్కు, నెల తిరిగేసరికి జీతం ఉండాలి. అవి లేకుండా "ఉద్యోగం ఇచ్చాం" అంటే నేను ఒప్పుకోను. మన వంతు కూడా ఉంది. మీరు తాగిన సీసాలో చుక్క లేకుండా వంచి ఇస్తే అతనికి కాస్త పని తగ్గుతుంది.

2015 వరకు ప్రపంచంలో పోగైన ప్లాస్టిక్ వ్యర్థం సుమారు 630 కోట్ల టన్నులని లెక్కవేశారు. అందులో మళ్లీ వాడుకలోకి తెచ్చింది వందకి 9 పాళ్లే. కొన్నింటిని ఏరినా లాభం లేదు. తళతళలాడే తిండి పొట్లాల్లో మూడు నాలుగు రకాల పొరలు అతికించేస్తారు, విడదీయడానికి కొసే దొరకదు. ఏరిన మంచి దారం కూడా కరిగించినప్పుడల్లా కాస్త పొట్టిదవుతుంది. అందుకే అసలు కొనకుండా ఉండగలిగితే ఇంకా మేలు.

ఒక్కటి మాత్రం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. ఈ దారాలు చాలామటుకు భూమి లోపలి చమురులోంచి, గ్యాసులోంచి వచ్చినవి. ఆ చమురు ఎన్నో కోట్ల ఏళ్ల కిందట సముద్రంలో బతికిన, కంటికి ఆనని చిన్న ప్రాణులది. అంతకాలం నేల అడుగున దాగినదాన్ని మనం గుక్కెడు నీళ్లు తాగి పారేస్తున్నాం.

సరే, రేపు ఆదివారం బకెట్ నిండా నీళ్లు పట్టండి. అమ్మ చేత సీసాలోంచి చిన్న ముక్క కత్తిరించమనండి. మూతలో గాలి బుడగ లేకుండా చూసి రెండూ నీళ్లలో వేయండి. ముక్క పైనే ఆగిపోతే వేలితో ఒకసారి ముంచండి. ఏది తేలిందో, ఏది మునిగిందో నాకు రాయండి. కలిసిపోయిన సీసా ముక్కల్ని, మూత ముక్కల్ని నీళ్ల తొట్టిలో ఎందుకు వేస్తారో అప్పుడు మీరే చెబుతారు.

మీ తాతయ్య